గోడ ఎవరిది? — బొంబాయి చిత్రప్రదర్శనల చరిత్ర

చిత్రకారుడికీ ప్రజానీకానికీ మధ్య పూడ్చరాని అగాధం వుందన్న మాట మన దేశంలో తరచు వినబడుతూ వుంటుంది. ఈ మాటను ప్రజల పక్షాన చెప్పేవారూ వున్నారు, కళ పక్షాన చెప్పేవారూ వున్నారు. మొదటివారు ఆధునిక చిత్రకళ అర్థంలేని గీతల గందరగోళమంటారు. రెండవవారు ప్రజలకు అభిరుచి లేదంటారు. బద్ధవిరోధులుగా కనిపించే ఈ ఉభయులూ ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తారు. ఆ అగాధం స్వభావసిద్ధమైనదనీ, దానికి చరిత్ర అంటూ ఏమీ లేదనీ ఇద్దరి నమ్మకం. ఈ ఏకీభావమే నాకు అనుమానాస్పదంగా కనిపిస్తుంది. సమాజంలో చరిత్ర లేని అగాధాలు లేవు. ప్రతి అగాధాన్నీ ఎవరో తవ్వారు. దాని ఒడ్డున ఎవరో కాపలా వున్నారు.

కాబట్టి ఈ ప్రశ్నను చిత్రకారుల మనస్తత్వం వైపు నుంచి గాక, బొమ్మ వ్రేలాడిన గోడ వైపు నుంచి పరిశీలించాలని నా ఉద్దేశం. ఆ గోడ ఎవరిది? దాని అద్దె ఎవరు చెల్లించారు? దాని మీదికి ఏ బొమ్మ ఎక్కాలో ఎవరు నిర్ణయించారు? దాని ముందు నిలబడి చూచే హక్కు ఎవరికి దక్కింది? ఇందుకు బొంబాయి నగరాన్ని ఎన్నుకొన్నాను. ఆధునిక భారతీయ చిత్రకళలో పెద్ద మలుపు అక్కడ జరిగిందన్నది ఒక కారణం. ఆ మలుపులో తెలంగాణ గడ్డమీద పుట్టినవారు ఇద్దరు వుండడం రెండవ కారణం. అన్నిటినీ మించి, అక్కడి చిత్రకారులు తమ సంఘానికి పెట్టుకొన్న 'ప్రోగ్రెసివ్' అన్న పేరు మన అభ్యుదయ సాహిత్యోద్యమానిదే.

పుస్తకానికీ చిత్రానికీ ఒక ముఖ్యమైన భేదం వుంది. కథ అచ్చయితే వెయ్యి ప్రతులు వెయ్యి ఇళ్ళకు పోతాయి. చదువురాని వాడికి కూడా ఎవరో చదివి వినిపిస్తారు. చిత్రం ఒక్కటే ప్రతి. దానికి గోడ కావాలి, వెలుతురు కావాలి, దాని ముందు మనిషి నిలబడడానికి జాగా కావాలి. శిల్పానికైతే ఇంకా ఎక్కువ జాగా కావాలి. వెనుకటి కాలంలో ఆ జాగాను గుడీ, కోటా ఇచ్చాయి. వలసపాలనలో ఆ రెండూ కూలుతూ వచ్చినప్పుడు, ఆ స్థానంలోకి ప్రదర్శన అనే కొత్త వ్యవస్థ వచ్చింది. బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ 1857లో ఆరంభమైంది. బొంబాయి ఆర్ట్ సొసైటీ 1888లో ఏర్పడి ఏటేటా ప్రదర్శనలు జరిపింది. వీటిలో న్యాయనిర్ణేతలుంటారు, పతకాలుంటాయి, తిరస్కరించిన బొమ్మలుంటాయి. అంటే బొమ్మ మంచిచెడ్డలను గ్రామదేవత జాతర గాక, రాజాస్థానం గాక, ఒక కమిటీ నిర్ణయించే కాలం వచ్చింది. ఆ కమిటీలో చాలాకాలం పాటు తెల్లదొరలదీ, వారి మెప్పు కోరే ధనికులదీ పైచేయిగా వుండేది. ఇది వ్యక్తుల దోషం కాదు. గోడ ఎవరిదో అభిరుచి కూడా వారిదే అవుతుంది.

ఈ పద్ధతికి ఎదురుతిరిగిన తొలి యువకులలో మనవాడొకడున్నాడు. కరీంనగర్ ప్రాంతంలోని అన్నారం గ్రామంలో 1915లో పుట్టిన పాకాల తిరుమలరెడ్డి జె.జె. స్కూలులో చదివి, 1941లో తన తోటివారు నలుగురితో కలిసి ఒక బృందంగా ప్రదర్శన పెట్టాడు. ఈ ఐదుగురినీ 'యంగ్ టర్క్స్' అన్నారు. ఆనాటి స్కూలు అధిపతి చార్లెస్ జెరార్డ్ వారికి అండగా నిలిచాడు. వారు సాధించిన శైలి ఏమిటన్నది వేరే చర్చ. వార్షిక ప్రదర్శనలో పతకం కోసం వరుసలో నిలబడడానికి బదులు, యువకులు తామే కూడి తమ బొమ్మలను తామే ఎన్నుకొని తగిలించుకోవచ్చునని ఆ ప్రదర్శన చూపింది. మన దృష్టికి అదే ముఖ్యం. గోడ కోసం సాగిన పోరాటంలో ఇది తొలి అడుగు.

రెండవ అడుగుకు కారణం యుద్ధం. హిట్లరు తరిమిన మధ్య ఐరోపా మేధావులు కొందరు బొంబాయి చేరారు. జర్మనీ నుంచి 1933లో వచ్చిన రుడాల్ఫ్ ఫాన్ లేడెన్ పత్రికలలో కళావిమర్శ వ్రాసేవాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన చిత్రకారుడు వాల్టర్ లాంగ్‌హామర్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో కళాదర్శకుడుగా పనిచేస్తూ, యువ చిత్రకారులకు తన ఇంటి తలుపులు తెరిచి వుంచాడు. వియన్నా నుంచి వచ్చిన ఇమాన్యుయెల్ ష్లెసింగర్ వారి బొమ్మలు కొన్నాడు. ఫాసిజం తన దేశాలలో 'పతనకళ' అని తగులబెట్టిన దానిని ప్రేమించడం నేర్చిన మనుషులు వీరు. బొంబాయిలో కొత్త చిత్రకళకు తొలి ప్రేక్షకులను సమకూర్చింది ఏ సంస్థానాధీశుడో కాదు, ఫాసిజం బాధితులు. చరిత్రలో ఇటువంటి వక్రమార్గాలు కద్దు.

అదే కాలంలో 1943 బెంగాల్ కరువు వచ్చింది. సుమారు 30 లక్షలమంది చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఆ ఏడాదే కలకత్తాలో చిత్రకారులూ శిల్పులూ కలిసి కలకత్తా గ్రూపును స్థాపించుకొన్నారు. శిల్పి ప్రదోష్ దాస్‌గుప్తా అందులో ప్రధానుడు. మరొకవైపు చిత్తప్రసాద్ అనే యువకుడు కాగితమూ సిరాబుడ్డీ పట్టుకొని మిడ్నపూరు జిల్లా గ్రామాలలో తిరిగి, ఆకలితో మాడుతున్నవారి బొమ్మలు గీసి, చూచినది వ్రాసి 'హంగ్రీ బెంగాల్' అన్న చిన్న పుస్తకంగా తెచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం దాని ప్రతులను పట్టి నాశనం చేసింది. ఇక్కడ ఆగి ఒక్క మాట చెప్పాలి. ప్రదర్శనశాలలో వ్రేలాడిన ఎన్నో చిత్రాలను ప్రభుత్వం చూచీచూడనట్లు ఊరుకొంది. చవక కాగితం మీద అచ్చయి ప్రజల చేతికి పోయే బొమ్మను మాత్రం తగులబెట్టింది. ఏ గోడ ప్రమాదకరమో, ఏది కాదో పాలకవర్గానికి మనకంటె ముందుగానే తెలుసు. చిత్తప్రసాద్ 1946 నుంచి బొంబాయిలోనే వుండి, లినోలియం చెక్కి అచ్చు తీసే పద్ధతిలో కార్మికులను, రైతులను, పనిచేసే పిల్లలను చిత్రించాడు. ఒక దిమ్మ నుంచి ఎన్నో ప్రతులు వస్తాయి గనుకనే ఆ పద్ధతి ఆయనకు నచ్చింది. 1978లో చనిపోయేవరకు ఆయన బీదరికంలోనే బ్రతికాడు.

ఈ నేపథ్యంలో 1947 చివర బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపు పుట్టింది. సభ్యులు ఆరుగురు: సూజా, రజా, హుసేన్, ఆరా, గాడే, శిల్పి బాక్రే. వీరి పుట్టుపూర్వోత్తరాలు చూస్తే, అగాధానికి ఏ ఒడ్డున వున్నవారో తెలుస్తుంది. గోవాలో పుట్టిన సూజా, క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నందుకు జె.జె. స్కూలు నుంచి వెళ్ళగొట్టబడినవాడు. కమ్యూనిస్టు పార్టీలో చేరినవాడు. రజా అటవీశాఖ ఉద్యోగి కొడుకు. బొంబాయిలో బ్లాకులు తయారుచేసే చోట పనిచేశాడు. హుసేన్ సినిమా బోర్డులు వేసి, పిల్లల బొమ్మలకూ సామానుకూ నమూనాలు గీసి పొట్టపోసుకొన్నాడు.

ఆరా కథ వీరందరికంటె భిన్నమైనది. కృష్ణాజీ హౌలాజీ ఆరా సికింద్రాబాదు దగ్గర బొల్లారంలో 1914లో పుట్టాడు. తండ్రి కారు డ్రైవరు. ఏడేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి బొంబాయి పారిపోయాడు. ఇళ్ళలో పనిచేశాడు, కార్లు కడిగాడు, ఉప్పుసత్యాగ్రహంలో జైలుకు వెళ్ళాడు. అక్షరాలా చీపురు పట్టిన చేతితో కుంచె పట్టినవాడు. లేడెన్ కంటబడి, ఆయన ప్రోత్సాహంతో 1942లో తన తొలి ప్రదర్శన జరిపాడు. 1944లో గవర్నరు బహుమతి పొందాడు. ప్రజలకు అభిరుచి లేదని వాదించేవారు ఆరాను ఏ గడిలో పెడతారో నాకు బోధపడదు. ఆయన ప్రజలనుంచి వచ్చినవాడు కాదు, ప్రజలలో ఒకడు. ఆయన చేతికి రంగు అందడానికి అడ్డుపడినది అభిరుచి లేమి కాదు, కూలిపని.

1949 జులైలో రాంపార్ట్ రో మీది బొంబాయి ఆర్ట్ సొసైటీ గదులలో ఈ ఆరుగురి ప్రదర్శన జరిగింది. ప్రారంభించినవాడు ముల్క్‌రాజ్ ఆనంద్. 1935లో లండనులో సజ్జాద్ జహీర్ ప్రభృతులతో కలిసి అభ్యుదయ రచయితల సంఘానికి పునాది వేసినవారిలో ఆయన ఒకడు. చూచేవారికి, రచయితల ఉద్యమం చిత్రకారుల చేయి పట్టుకొన్న ఘడియలాగే వుండి వుంటుంది. కాని ఆ ప్రదర్శన కోసం అచ్చువేసిన చిన్న పుస్తకంలో సూజా వ్రాసిన మాటలు వేరు. గ్రూపు స్థాపించినప్పుడు ప్రకటించుకొన్న వామపక్ష ఆవేశాన్ని వదలుకొన్నామనీ, ప్రజలకూ కళాకారులకూ మధ్యనున్న అగాధం పూడేది కాదని తెలుసుకొన్నామనీ, ఇక వస్తువులోనూ శిల్పంలోనూ సంపూర్ణ స్వేచ్ఛతో చిత్రిస్తామనీ ఆయన చాటాడు.

ఈ ప్రకటనను ద్రోహమని కొట్టివేయడం సులభం. విముక్తి అని పొగడడమూ సులభమే. మన పత్రికలలో మొదటి పని జరిగింది, సంపన్నుల పత్రికలలో రెండవది జరిగింది. రెండింటివల్లా మనకు తెలిసేది స్వల్పం. ఎలా చిత్రించాలో పార్టీవారు చెప్పబోయారని సూజా తరువాత చెప్పుకొన్నాడు. అది నిజమైన మేరకు తప్పు పార్టీవారిదే. కుంచె ఎటు కదలాలో తీర్మానం ద్వారా నిర్ణయించగలమనుకొన్న రోజులు అన్ని భాషల అభ్యుదయోద్యమాలలోనూ వున్నాయి. మన భాషలోనూ వున్నాయి. అయితే నేను అడిగేది వేరొక ప్రశ్న. అగాధం పూడదని 1949లో ఈ యువకులు దేన్ని చూచి నిర్ణయించుకొన్నారు? గ్రూపు పుట్టి అప్పటికి రెండేళ్ళయినా నిండలేదు. వారి బొమ్మలు వ్రేలాడినవి రాంపార్ట్ రో లాంటి చోట్ల, కోట ప్రాంతపు దొరల వీధిలో. పరేలు నుంచో, లాల్‌బాగ్ నుంచో మిల్లు కార్మికుడు ఆ గదులకు రాలేదంటే, బొమ్మ అర్థంకాక రాలేదనగలమా? ఎవరినీ పిలవని గది ఖాళీగా వుంటే, ఆ ఖాళీని చూచి ప్రజల హృదయాన్ని నిర్ణయించారు. ప్రయోగం చేయకుండానే ఫలితం ప్రకటించారని నా అభిప్రాయం.

ఆ తరువాత జరిగినది త్వరగా జరిగింది. సూజా మీద అశ్లీలమనే ఫిర్యాదులు వచ్చి, పోలీసులు ఇల్లు సోదా చేశారు. 1949లోనే ఆయన లండను వెళ్ళిపోయాడు. 1950లో రజా పారిస్ వెళ్ళాడు. 1951లో బాక్రే ఇంగ్లండు చేరాడు. ప్రజలతో తెగిన బంధం బొంబాయితోనూ తెగింది. బాక్రే సంగతి ప్రత్యేకంగా ఆలోచించదగినది. చిత్రకారుడు చాప చుట్టినట్లు కాన్వాసు చుట్టుకొని పోగలడు. శిల్పి రాయినీ కంచునూ కొనాలి, మోయించాలి, నిలబెట్టాలి. కొనేవాడు లేకపోతే దాచుకోవడానికి కూడా చోటుండదు. ఆరుగురిలో ఎక్కువ మరుగున పడినవారిలో ఆ శిల్పి ఒకడు కావడం కేవలం అదృష్ట దురదృష్టాల విషయం కాదు. 1975లో ఆయన తిరిగివచ్చి, కొంకణ తీరంలో ఒక ఊరిలో లోకానికి దూరంగా వుండి, 2007లో కన్నుమూశాడు.

1952లో పరిస్థితి మారింది. వేల్సు యువరాజు మ్యూజియం ఆవరణను ఆనుకొని జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ వెలిసింది. సర్ కవాస్‌జీ జహంగీర్ చనిపోయిన తన కుమారుడి పేరిట డబ్బిచ్చి కట్టించాడు. హోమీ భాభా, చిత్రకారుడు కె.కె. హెబ్బర్ దీనికోసం పాటుపడ్డారు. ధనికుడి దానం గదా అని మనం పెదవి విరచనక్కరలేదు, సాష్టాంగపడనూ అక్కరలేదు. ఆ దానం ఏమి చేసిందో చూడాలి. చూడడానికి వచ్చేవారినుంచి రుసుము తీసుకోని హాలు నగరం నడిబొడ్డున, కాలిబాట పక్కనే తెరుచుకొంది. వారం లెక్కన అద్దె కట్టి ఏ చిత్రకారుడైనా హాలు తీసుకోవచ్చు. పతకాల కమిటీ దయాదాక్షిణ్యాలు తప్పాయి. బస్సు కోసం నిలబడినవాడు వాన వస్తే లోపలికి పోవచ్చు. మనకు ఇది అల్పవిషయంగా తోచవచ్చుగాని, చిత్రకళా చరిత్రలో అల్పం కాదు.

తలుపు తెరిచిన చోటికి పోలీసు కూడా వస్తాడు. 1954లో అక్బర్ పదమ్‌సీ అక్కడ ప్రదర్శన పెట్టినప్పుడు, ప్రేయసీప్రియుల చిత్రాలు రెండింటిని తీసివేయమని పోలీసు అధికారి అడిగాడు. పదమ్‌సీ నిరాకరించాడు. కేసు పెట్టారు. మేజిస్ట్రేటు ఆయనను నిర్దోషిగా వదలిపెట్టాడు. ప్రభుత్వం హైకోర్టుకు పోయి అక్కడా ఓడిపోయింది. ఇరవయ్యారేళ్ళ యువకుడు అలా గెలిచినది తన రెండు బొమ్మలకు మాత్రమే కాదు, ఆ గోడకు కూడా.

ఆ దశాబ్దంలోనే వార్డెన్ రోడ్డులోని భూలాభాయ్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్‌లో చిత్రకారులకు రోజుకు ఒక్క రూపాయి అద్దెకు పనిచేసుకొనే గదులు దొరికేవి. హుసేన్, గాయ్‌తోండే అక్కడ పనిచేశారు. పక్క గదులలో నాటకం, సంగీతం, నృత్యం వుండేవి. మరొకవైపు ఆరా, తనకు పేరు వచ్చిన తరువాత కూడా ఆర్టిస్ట్స్ సెంటర్ భారాన్ని నెత్తిన వేసుకొని, ఊరూపేరూ లేని యువకుల ప్రదర్శనలకు చోటు కల్పిస్తూ వచ్చాడు. మిగతావారు పారిస్ లండన్లలో కీర్తి గడిస్తుంటే, బొల్లారం నుంచి పారిపోయివచ్చిన ఆ మనిషి బొంబాయిలోనే వుండి, 1985లో చనిపోయేవరకు ఇతరులకు గోడ చూపించాడు. ఆయన చిత్రాలకంటె ఈ పని తక్కువదని నేను అనుకోను.

1963లో మరొక దశ వచ్చింది. ఫ్రేములు కట్టే వ్యాపారం నుంచి ఎదిగిన కేకూ గాంధీ దంపతులు జహంగీర్ మేడమీద గ్యాలరీ షెమూల్డ్ తెరిచారు. అదే ఏడాది ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర పండోల్ గ్యాలరీ ఆరంభమైంది. ఈ గ్యాలరీలు చిత్రకారులకు చేసిన మేలును కాదనలేము. హాలు అద్దెకు అప్పుచేసి, ప్రదర్శన ముగిశాక అమ్ముడుపోని బొమ్మలను బండి మీద ఇంటికి తెచ్చుకొనే చిత్రకారుడికి, ముందుగా బాధ్యత తీసుకొనే గ్యాలరీ పెద్ద ఊరట. కాని వ్యవస్థకు ఒక తర్కం వుంటుంది. అది వ్యక్తుల సద్బుద్ధికి లొంగదు. బొమ్మ అమ్ముడైతేనే గ్యాలరీ నిలుస్తుంది. గ్యాలరీ నిలవాలంటే కొనగలవాడి గోడకు సరిపడే బొమ్మ కావాలి. తిరస్కరించే అధికారం కమిటీ చేతినుంచి బజారు చేతికి పోయింది. కమిటీతో పోట్లాడవచ్చు, దాని మీద కరపత్రం వేయవచ్చు. బజారుకు ముఖం లేదు.

అయినా కరపత్రం వేసినవారున్నారు. కేరళ నుంచి బరోడా చేరిన యువ చిత్రకారులూ శిల్పులూ 1987లో రాడికల్ సంఘంగా ఏర్పడ్డారు. 1989లో సోత్‌బీ సంస్థ, టైమ్స్ ఆఫ్ ఇండియా కలిసి బొంబాయిలో జరిపిన వేలాన్ని వారు బహిరంగంగా ఖండించారు. కళను సరుకుగా మార్చే దుర్దశకు అది ఆరంభమని వారి వాదం. ఆ ఏడాది చివర వారి నాయకుడు, శిల్పి కృష్ణకుమార్ ఆత్మహత్య చేసుకొన్నాడు. సంఘం చెదిరిపోయింది. వారి మార్గంలో లోపాలు వెదకవచ్చు. కాని అంతకు రెండు దశాబ్దాల ముందునుంచే జరుగుతున్నదానికి సూటిగా పేరుపెట్టినవారు వారే.

వారి హెచ్చరిక ఎంతవరకు నిజమైందో ఒక్క చిత్రం చెబుతుంది. హుసేన్ 1954లో 'గ్రామయాత్ర' అని సుమారు పద్నాలుగు అడుగుల పొడవున ఒక చిత్రం వేశాడు. తిరగలి విసిరే ఆడది, బండి, పొలం, తల్లీబిడ్డ: పదమూడు ఘట్టాలలో పల్లె బ్రతుకంతా వుంది. నార్వేలో స్థిరపడిన ఒక వైద్యుడు ఆ ఏడే దాన్ని కొని తీసుకుపోయాడు. ఆయన అనంతరం అది ఓస్లోలోని ఆసుపత్రికి చెంది, దశాబ్దాల తరబడి అక్కడి వసారాలో వుంది. 2025 మార్చిలో న్యూయార్కు వేలంలో దాని ధర 1 కోటి 37 లక్షల డాలర్లు దాటింది. మన లెక్కలో సుమారు 118 కోట్ల రూపాయలు. అప్పటివరకు ఏ ఆధునిక భారతీయ చిత్రానికీ వేలంలో అంత ధర పలకలేదు. పత్రికలన్నీ ధర గురించే వ్రాశాయి. నాకు మాత్రం ఆ ఆసుపత్రి వసారాయే గుర్తుండిపోయింది. సినిమా బోర్డులు వేసినవాడు వేసిన పల్లె బొమ్మను, పరాయిదేశంలో జబ్బుమనుషులు, నర్సులు, ఊడ్చేవాళ్ళు రోజూ చూస్తూ నడిచారు. ఆ బొమ్మను రోజూ పనివాళ్ళ కళ్ళబడే చోట వుంచింది ఏ గ్యాలరీయో కాదు, ఒక ఆసుపత్రి.

ఇప్పటి జహంగీర్ సంగతి కూడా చెప్పాలి. హాలుకోసం దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూచేవారున్నారు. 1964 నుంచి చిత్రకారులు ఒక టీ కప్పుతో గంటలు గడిపిన సమోవార్ హోటలు 2015లో మూతపడింది. కాని వెలుపల కాలిబాట మీద చిత్రకారులు తమ బొమ్మలను చేర్లగిలవేసి నిలబడతారు. నేను అక్కడ గమనించిన విషయం ఒకటుంది. లోపలి హాలులో జనం గొంతు తగ్గించి మాట్లాడతారు. ధర అడగడానికి జంకుతారు. కాలిబాట మీద ఆఫీసు ప్యూనూ, కాలేజీ విద్యార్థీ ఆగి, ఇదేమిటి, ఈ ముఖం నీలంగా ఎందుకు వేశావని చిత్రకారుడినే అడుగుతారు. అతడు జవాబు చెబుతాడు. ఒక్కొక్కప్పుడు వాదం పెరుగుతుంది. పూడదని 1949లో ప్రకటించిన అగాధం మీద ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుకొనే దృశ్యమది.

దీన్నిబట్టి నేను తేల్చుకొన్నది ఇది. ప్రజలకూ కొత్త చిత్రకళకూ మధ్య దూరం వుంది, దాన్ని కప్పిపుచ్చనక్కరలేదు. కాని అది పుట్టుకతో వచ్చినది కాదు. అద్దె, వీధి, రుసుము, పోలీసు, వేలం కలిసి కట్టిన దూరం అది. ఎక్కడ గోడ చవక అయిందో, తలుపు వీధిలోకి తెరుచుకొందో అక్కడ ఆ దూరం కొంత తగ్గింది. కాబట్టి మన కర్తవ్యం చిత్రకారుడికి ఏమి గీయాలో చెప్పడం కాదు. ఆ పని ఒకప్పుడు చేయబోయి ఉద్యమం నష్టపోయింది. గోడలు సంపాదించడం మన కర్తవ్యం.

ఇది మన ఊళ్ళలో అసాధ్యమేమీ కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో చనిపోయిన దామెర్ల రామారావు చిత్రాలను రాజమండ్రిలో ఆయన ఆప్తులూ శిష్యులూ కాపాడి, ఒక చిత్రశాలగా నిలిపారు. పి.టి. రెడ్డి బొంబాయి నుంచి తిరిగివచ్చి, హైదరాబాదు నారాయణగూడలో తన ఇంటినే 'సుధర్మ' పేరిట చిత్రశాల చేసుకొన్నాడు. ఇవి వ్యక్తుల త్యాగాలు. వ్యక్తుల త్యాగం మీద ఒక కళ ఎంతోకాలం బ్రతకదు. ప్రతి కాలేజీ గ్రంథాలయంలో ఒక గోడ, ప్రతి మునిసిపల్ హాలులో ఏడాదికి రెండు వారాలు, శిల్పి రాయిని మోయించుకొనే బండి కిరాయి: విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ అడగవలసిన కోర్కెలలో ఇవి కూడా చేరాలి. జీతాల పెంపుకూ, హాస్టలు మెస్సు బాగుకూ పోరాడే చోట బొమ్మల గోడ కోసం అడగడం విలాసమని ఎవరైనా అంటే, కార్లు కడిగిన బొల్లారం పిల్లవాడి పేరు చెప్పండి. ఇప్పుడు ఏ కారు దగ్గర ఎవడు కుంచె కోసం ఎదురుచూస్తున్నాడో మనకు తెలియదు. వాడి బొమ్మకు గోడ చూపించడం మాత్రం మన చేతిలో వుంది.